ఐదు వేల ఆట: మొదటి రోజే కొనాలా?

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ జీపీవో దాకా మెల్లగా నడిస్తే పావుగంట. 2025 దసరాకు ముందు ఒక శనివారం సాయంత్రం ఆ దారిలో మామ, మేనకోడలు చేసుకున్న వాదన ఇది. మామది ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. పుట్టి పెరిగింది నాంపల్లిలోనే. నలభై అయిదు దాటినా, రాత్రి షట్టర్ దించి ఇంటికెళ్లాక కాసేపు సోనీ వాళ్ల ఆటల మెషీన్ పీఎస్5 ముందు కూర్చోనిదే ఆయనకు నిద్ర పట్టదు. మనసుకు నచ్చిన ఆటను విడుదలైన రోజే కొంటాడు. మేనకోడలు గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో వీడియో ఆటలు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. ఆట కడుపులో ఏముంటుందో రోజూ చూసే మనిషి కాబట్టి, విడుదల రోజున ఏ ఆటా కొనదు.

ఆమె తమ్ముడికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. కానుకగా రెండు ఆటలు అడిగాడు. ఒకటి సెప్టెంబరు 26న రాబోయే ఫుట్‌బాల్ ఆట, ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 26. రెండోది అక్టోబరు 2న, సరిగ్గా దసరా నాడు, పీఎస్5 మీద రాబోయే ‘ఘోస్ట్ ఆఫ్ యోటేయ్’. 1603 నాటి జపాన్‌లో కత్తి పట్టిన ఒక ఆడపిల్ల కథ. అప్పటికి ఒక్కోటి దాదాపు ఐదు వేలు. వాళ్లతో పాటు నేనూ నడిచాను. ఎక్కువగా విన్నాను.

మామ: కొత్త సినిమాకు మొదటి రోజు ఎందుకు పోతరు జనం? ఇక్కడ్నే, రామకృష్ణ 70 ఎంఎం ముందట పొద్దుగాల్నుంచి లైన్ల నిలబడ్డ మనిషిని నేను. రివ్యూ చదివి నిలబడ్డనా? లేదు. పది మందితోని కలిసి చూసుడు, అదే ఆ రోజు కొనే సరుకు. ఆట గూడ అంతే బిడ్డా. వచ్చిన వారం రోజులు దోస్తులందరికీ అదే ముచ్చట. ఏ గుట్ట వెనక ఏమున్నదో ఎవలికీ తెల్వదు. ఆర్నెల్లైనంక ఆడితే అంతా ఎవడో ఒకడు చెప్పేసిన కథే.

మేనకోడలు: సినిమా ఏ రోజు చూసినా అదే సినిమా మామా. ఆట అట్లా కాదు. విడుదల రోజు డిస్క్ పెట్టగానే అది ముందు నెట్ అడుగుతుంది. ఇన్ని జీబీల అప్‌డేట్ దించుకో అంటుంది. ఎందుకు? డిస్కులు ముద్రణకు పోయేది కొన్ని వారాల ముందు. ఆ తర్వాత కూడా మా పని నడుస్తూనే ఉంటుంది. మేం చేసేదేంటో తెలుసా? గోడలకు గుద్దుకోవడం. ఒక గదిలోకి పోయి నాలుగు మూలలా పరుగెత్తాలి, దూకాలి, పొర్లాలి, ఎక్కడైనా గోడలోంచి బయటికి జారిపోతామేమో చూడాలి. తలుపు తెరుచుకుంటుండగా పాజ్ నొక్కాలి. సేవ్ అవుతుండగా కంట్రోలర్ వైరు పీకాలి. దొరికిన ప్రతి తప్పుకూ వీడియో తీసి, ఏం చేస్తే అది మళ్లీ వస్తుందో వరుసగా రాసి, ఎంత పెద్దదో గుర్తు పెట్టి పంపుతాం. ఆటను ఆపేసేవి ముందు సరిచేస్తారు. మిగిలిన వాటిలో కొన్నింటి మీద ‘తెలుసు, తర్వాత చూద్దాం’ అని రాసి పక్కన పెడతారు. తేదీ ముందే ప్రకటించేశారు కదా, జరపడం కష్టం. ఆ ‘తర్వాత చూద్దాం’ జాబితా కూడా నీ ఐదు వేలల్లోనే ఉంది.

మామ: అన్ని ఆటలు అట్లనే వస్తయా ఏంది? చేసినోళ్లు ఎవలో చూసి కొనాలె. యోటేయ్ చేసేటోళ్లు సక్కర్ పంచ్. వాళ్ల ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ 2020 జులైల పీఎస్4 మీద వచ్చింది. మొదటి రోజు కొన్న. గడ్డి గాలికి ఊగుతుంటె అటే చూసుకుంట గుర్రం మీద పోయేటోణ్ని. ఎక్కడా హ్యాంగ్ కాలె. గట్ల చేసినోళ్లను నమ్మకుంటె ఇంకెవల్ని నమ్ముతం?

మేనకోడలు: సీడీ ప్రాజెక్ట్ రెడ్‌ను అందరూ అట్లాగే నమ్మారు. 2015లో ‘విచర్ 3’ చేసిన పోలండ్ కంపెనీ. అంతకంటే పెద్ద పేరు అప్పట్లో ఎవరికుంది? 2020 డిసెంబరు 10న వాళ్ల ‘సైబర్‌పంక్ 2077’ వచ్చింది. రివ్యూ రాసేవాళ్లకు ముందుగా పీసీ కాపీలే ఇచ్చారు. పీఎస్4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో ఎట్లా నడుస్తుందో విడుదలకు ముందు బయటివాళ్లెవరికీ తెలీదు. పీసీ చూసి రాసినవాళ్లు మంచి మార్కులే వేశారు. ఆ మార్కులు చూసి పీఎస్4కు కొన్నవాళ్లకు ఏం దక్కింది? వీధిలో నడుస్తుంటే ఎదురుగా గోడల రంగులు ఆలస్యంగా అతుక్కోవడం, మనుషులు కళ్లముందే ఊడిపడటం, ఉన్నట్టుండి ఆట మూతపడి హోమ్ స్క్రీన్ రావడం. వారం తిరిగేసరికి సోనీ ఆ ఆటను తన స్టోర్‌లోంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసిస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. ఈలోపు, మొదటి పది రోజుల్లోనే కోటి ముప్పై లక్షల కాపీలు అమ్ముడుపోయాయి.

మామ: ఇప్పుడెట్లున్నదో గూడ చెప్పు. 2023 సెప్టెంబర్‌ల 2.0 అప్‌డేట్ వచ్చింది, ఎనక్నే ‘ఫాంటమ్ లిబర్టీ’ వచ్చింది. మస్తుగ చేసిన్రు.

మేనకోడలు: మస్తుగా చేశారు. కానీ ఆ 2.0 పీఎస్4కు రాలేదు మామా. పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్, పీసీలకే. మొదటి రోజు పీఎస్4కు కొన్నవాడు పూర్తి ధర కట్టాడు. మూడేళ్ల తర్వాత పీఎస్5 కొన్నవాడు అదే ఆటను తక్కువ ధరకు, బాగుపడ్డాక ఆడాడు. పాత మెషీన్ వాడికి ఆ బాగు చేరనే లేదు. అందుకే రివ్యూలో మార్కుల కంటే ముందు ఒకటి చూస్తాను: ఏ మెషీన్ మీద ఆడి రాశారు?

మామ: అందరూ నీ లెక్కనే ఆగితె ఆ మూడేళ్ల మరమ్మతు ఎవల పైసలతోని చేస్తరు?

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గరా లేదు. మొదటి రోజు కొన్నవాళ్ల డబ్బే ఆట బాగుపడటానికి పెట్టుబడి అయిందన్నది నిజం. ఆ పెట్టుబడి పెట్టినట్టు వాళ్లకెవరూ చెప్పలేదన్నదీ నిజమే.

మామ: నేను మొదటి రోజు కొనుడుకు ఇంకో కారణం గూడ ఉన్నది. మా చిన్నప్పుడు నుమాయిష్‌ల మా నాయన ఒక టీవీ గేమ్ కొనిచ్చిండు. దాని క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది. పెట్టి చూస్తె అవే పది పన్నెండు ఆటలు, పేర్లు మారి మల్ల మల్ల వస్తయి. తర్వాత పీఎస్2. నకిలీ డిస్కులు నడిచేటట్టు చిప్ వేయించనోడు మా గల్లీల లేడు. ప్లాస్టిక్ కవర్ల డిస్క్, మీద జిరాక్స్ బొమ్మ. సినిమా టికెట్ పైసలకు ఆట దొరికేది. వందల ఆటలు ఆడినం. చేసినోళ్ల పేర్లు గూడ తెల్వదు, వాళ్లకు పైసా పోలె. ఇప్పుడు నా దుకాణం నడుస్తున్నది. నాకు నచ్చిన ఆట చేసినోళ్లకు పూర్తి ధర కట్టాలనిపిస్తది. అందుల తప్పేముంది?

మేనకోడలు: తప్పేం లేదు. కానీ పూర్తి ధర కట్టి, మూడు వారాలు ఆడి, జగదీశ్ మార్కెట్‌లో అమ్మేస్తావు. దాన్ని రెండోసారి కొన్నవాడి డబ్బులో చేసినవాళ్లకు రూపాయి కూడా పోదు. మరి నీ రుణం ఎక్కడ తీరింది?

మామ: వాడు మూడు వేలకు కొంటడనే నేను ఐదు వేలకు కొనగల్గిన. వాపసు అమ్మే వీలు లేకుంటె ఏడాదికి ఆరు ఆటలు కొనే నేను రెండే కొందును. చేసినోళ్లకు ఏది మంచిది?

అప్పటికి మేం జగదీశ్ మార్కెట్ సందులోకి వచ్చాం. ఆ సందుల గురించి హైదరాబాదు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫోన్లు, ఫోన్ కవర్లు, ఛార్జర్లు, రిపేరు బల్లల మీద వంగిన కుర్రాళ్లు. వాటి మధ్య ఆటల కౌంటర్లు. మామ సంచిలోంచి ఒక డిస్క్ పెట్టె తీశాడు. కౌంటర్ దగ్గరి పిల్లగాడు మూత తెరిచి, డిస్క్ అంచును రెండు వేళ్లతో పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందకు వంచాడు. నీలిరంగు మెరుపు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జారింది. మధ్య నుంచి బయటికి గీసుకుపోయిన చిన్న గీతను చూసి పట్టించుకోలేదు. గుండ్రంగా తిరిగిన గీత కోసమే వెతికాడు. అది ఉంటే చదవడం దగ్గర డిస్క్ మొరాయిస్తుందట. తర్వాత పెట్టె వెన్ను మీది ముద్ర చూశాడు, ఏ దేశానికి అచ్చయిన కాపీయో తెలుసుకోవడానికి. పీఎస్5 ఏ దేశపు డిస్కునైనా ఆడిస్తుంది. అయితే ఆటకు అనుబంధంగా తర్వాత వచ్చే భాగాలు కొనాలంటే మన ఖాతా, డిస్క్ ఒకే ప్రాంతానివి కావాలి. కొత్తగా సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు తెలియక ఇక్కడే దెబ్బతింటారు. అరనిమిషంలో ధర చెప్పాడు. మామ ఇంకో రెండొందలు అడిగాడు. వంద దగ్గర కుదిరింది.

మామ: చూసినవా? నేను ఏ రివ్యూ చదవ. వచ్చిన పదిహేను రోజులకు ఈ షెల్ఫ్ మీద ఏ డిస్కులు వాపసొచ్చి వరుసగ నిలబడ్డయో చూస్త. ఒకటే ఆట ఎనిమిది కాపీలు ఉన్నయంటె జనానికి నచ్చలేదన్నట్టు. పైసలు పెట్టినోడు పైసలు వాపసు తీసుకున్న జాగ ఇది. దీనికంటె నిజమైన రివ్యూ ఎక్కడుంటది?

మేనకోడలు: ఆ షెల్ఫ్‌ను తిరగేసి చదువుతున్నావు. కథ ఆట బాగా నచ్చినవాడు పదిరోజుల్లో పూర్తిచేసి తెచ్చి అమ్ముతాడు. నచ్చనివాడు సగంలో వదిలేసి, ఎప్పుడో ఆడతాలే అని ఇంట్లో ఉంచుకుంటాడు. నువ్వు ఇప్పుడు అమ్మింది నచ్చకనా?

మామ: నచ్చింది. అయిపోయింది గాబట్టి అమ్మిన.

మేనకోడలు: అదే మరి. నెట్‌లో జనం వేసే మార్కుల సంగతీ అంతే. 2020 జూన్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వచ్చింది. రివ్యూల మార్కులు ఒకచోట చేర్చే మెటాక్రిటిక్ సైట్‌లో విమర్శకులు తొంభైకి పైగా వేశారు. అదే చోట మొదటి రోజే వేలమంది సున్నాలు వేసి పోయారు. ఆట పూర్తికావడానికి ఇరవై గంటలు దాటుతుంది. వాళ్లలో చాలామందికి ఆడే టైమే దొరకలేదు. కథ ముందే లీకైంది, దాని మీద కోపం అది. తర్వాత మెటాక్రిటిక్ వాళ్లు విడుదలైన కొన్ని గంటల దాకా మామూలు జనం మార్కులు తీసుకోవడమే మానేశారు. నేను మార్కులు చూడను. నలుగురు వేర్వేరు మనుషులు ఒకే ఫిర్యాదు చేశారా అని చూస్తాను. ఒకడు ‘కెమెరా బాగాలేదు’ అంటే వాడి అలవాటు కావచ్చు. నలుగురూ అంటే అది ఆటలోనే ఉంది. ఎడిటింగ్ లేని అరగంట వీడియో ఒకటి చూస్తాను. ట్రైలర్ చూడను.

మామ: అరగంట వీడియో చూస్తె ఆటల కొత్తదనం ఏం మిగుల్తది?

మేనకోడలు: మొదటి అరగంట కాదు, మధ్యలోది చూస్తాను. ప్రతి ఆటకూ మొదటి గంట మెరుగుపెట్టి ఇస్తారు. పదో గంటలో కూడా ఆ మెరుగు ఉందా అన్నదే ప్రశ్న.

ఈ మాట పట్టుకోదగ్గది. ఆట బాగుందా అన్న ప్రశ్నకు జవాబులు బోలెడు దొరుకుతాయి. నా ఐదు వేలకు తగిందా అన్నదానికి మాత్రం జవాబు ఇంటింటికీ వేరు. ఏ మెషీన్ ఉంది, ఎవరితో ఆడతాం, వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, ఆడేశాక ఏం చేస్తాం? రివ్యూ రాసేవాడికి ఇవేవీ తెలియవు. మామకు డిస్క్ పెట్టే పీఎస్5 ఉంది కాబట్టి ఆయన తప్పు చేసినా పదిహేను వందలో రెండు వేలో పోతాయి. తెలిసో తెలియకో ఆయన ధైర్యమంతా ఆ డిస్క్ మీద నిలబడి ఉంది.

మేనకోడలు: నీ లెక్క నీకు సరిపోతుంది మామా. తమ్ముడికి సరిపోదు. వాడిది డిజిటల్ పీఎస్5. డిస్క్ పెట్టే సందే లేదు.

మామ: అది నాకు చెప్పకుండ కొన్నరు! 2021 ఫిబ్రవరిల మన దగ్గర పీఎస్5 వచ్చినప్పుడు డిస్క్‌ది 49,990, డిజిటల్‌ది 39,990. పదివేలు మిగిలినయని సంబురపడ్డరు మీ నాయన. నేను డిస్క్ అమ్మినప్పుడల్లా రెండు మూడు వేలు వాపసొస్తది. అయిదు ఆటలకు ఆ పదివేలు తీరిపాయె. ఆరో ఆట నుంచి నాకు లాభమే. మీకు ప్రతి ఆటకూ ఐదు వేలు ఐదు వేలే.

మేనకోడలు: అందుకే చెప్తున్నాను, వాడి కోసం కొనేటప్పుడు ఇంకా గట్టిగా చూడాలని. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కొంటే రెండు వారాల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే, డబ్బు వాపసిస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టామంటే, ఆటలో లోపముంటే తప్ప, వాపసు లేదు. ఆడి చూడకముందే తీర్పు చెప్పాలి. అప్పీలు లేదు.

మామ: 2013 జూన్ యాదికున్నదా? నువ్వు చిన్నపిల్లవు. మైక్రోసాఫ్టోళ్లు కొత్త ఎక్స్‌బాక్స్‌ల పాత డిస్కుల మీద ఆంక్షలు పెడతమన్నరు. సోనీ వాళ్లు చిన్న వీడియో తీసిన్రు. పీఎస్4 ఆటను దోస్తుకు ఎట్లిచ్చుడు? ఒకాయన పక్కాయన చేతిల డిస్క్ పెట్టిండు. అంతే, అయిపాయె. పది రోజులల్ల మైక్రోసాఫ్ట్ దిగొచ్చింది. గా సోనీనే 2020ల సందు లేని మెషీన్ అమ్మింది. 2024ల పీఎస్5 ప్రో తెచ్చిన్రు, అన్నిటికంటె ఖరీదుది, దానికీ సందు లేదు, విడిగ కొనుక్కోవాలె. అది మన దేశానికి రానే లేదనుకో, వైఫై బ్యాండ్ పర్మిషన్ల వల్ల. చేతికి చేతిల పెట్టే ఆట పోతున్నది బిడ్డా. ఈ సందులన్నీ దాని మీదనే బతుకుతున్నయి.

ఆయన గొంతులో బాధ నిజమైనది. ఇక్కడ నేను పూర్తిగా ఆయన వైపే. పదిహేనేళ్ల పిల్లాడు పాకెట్ మనీతో ఒక పాత డిస్క్ కొని, దాన్నిచ్చి ఇంకోటి తీసుకుని, దానికి కొంచెం కలిపి మూడోది తెచ్చుకునే వీలున్న ఊరు మనది. ఆ వీలు పోతే కన్సోల్ అనేది ఉన్నవాళ్ల ఇంటి వస్తువైపోతుంది.

మేనకోడలు: డిస్క్ ఉన్నా చాలదు మామా. ‘ది క్రూ’ అని యూబీసాఫ్ట్ వాళ్ల కార్ల ఆట, 2014ది. ఒంటరిగా ఆడినా నెట్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు. డిస్క్ కొన్నవాళ్ల దగ్గర డిస్క్ ఉంది, ఆట లేదు. ఆ కోపంతోనే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం మొదలై, యూరప్‌లో సంతకాలు పది లక్షలు దాటాయి. సోనీదే ఇంకోటి, ‘కాంకర్డ్’. 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6కు కట్టేశారు. డబ్బు వాపసిచ్చారు, అది వేరే సంగతి. మొదటి రోజు దోస్తులతో కలిసి ఆడటం అంటావు కదా, అక్కడ ఆడటానికి మనుషులే రాలేదు.

మామ: మనుషులు రాని ఆటను నేను కొంటననలె. మా వాళ్లు నలుగురు ఆడుతరని తెలిస్తెనే కొంట.

మేనకోడలు: మరి ఎవరూ ఆడని ‘హనుమాన్’ ఎందుకు కొన్నావు?

మామ నవ్వలేదు. జీపీవో వైపు నడుస్తూ నెమ్మదిగా చెప్పాడు.

మామ: అది వేరే. 2009ల ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది, పీఎస్2 మీద. చేసినోళ్లు మన హైదరాబాదోళ్లు, ఆరోనా టెక్నాలజీస్. మొత్తం మన దేశంలనే తయారై కన్సోల్‌కు వచ్చిన మొట్టమొదటి ఆట. విడుదల చేసింది సోనీ. అదే ఏడాది ‘దేశీ అడ్డా’ వచ్చింది, కబడ్డీ, గిల్లీదండా ఆటలతోని. అది గూడ హైదరాబాదోళ్లదే, గేమ్‌శాస్త్ర. ట్రూప్ బజార్‌ల దుకాణం నడిపేటోనికి, తన ఊర్లె చేసిన ఆట సోనీ పెట్టెల కనబడితె ఎట్లుంటది? చిప్ వేసిన పీఎస్2 ఉన్నా సీల్డ్ పీసే కొన్న.

మేనకోడలు: ఆట బాగుందా?

మామ: లేదు. దూకమంటె ఒకచోట దూకేది. దెబ్బ తగిలిందో లేదో తెల్వకపోయేది. రివ్యూలోళ్లు ఉతికి ఆరేసిన్రు. అమెరికాల ఒకాయన దేవుణ్ని బటన్లతోని ఆడించుడేందని అభ్యంతరం చెప్పిండు. పేపర్లల్ల ఆ లొల్లే వచ్చింది. ఆట ఎట్ల చేస్తె ఇంకా బాగుండునన్న ముచ్చట ఎవలూ మాట్లాడలె.

మేనకోడలు: ఆ మాట నీలాంటివాళ్లే చెప్పాల్సింది. మా ఊరి వాళ్లదని కొన్నావు, సరే. బాగాలేదని వాళ్లకు తెలిసేట్టు ఎక్కడన్నా చెప్పావా? లేదు. పెట్టెలో పెట్టి దాచావు. నేను చేసే ఉద్యోగంలో రోజంతా తప్పులు పట్టడమే. అది ప్రేమ లేక కాదు. రేపు నేను పనిచేసిన ఆట చివర్లో పేర్ల వరుసలో నా పేరు కనబడితే, మా కోడలిదని కొనొద్దు. బాగుంటేనే కొను. పుణె వాళ్ల ‘రాజీ’ 2020లో వచ్చింది. యుద్ధం కొంచెం మొరటుగా ఉంటుంది, ఆట చిన్నది. కానీ ఆ రాజస్థాన్ కోటల్లాంటి కట్టడాలు, గోడల మీది బొమ్మలు చూసి ఆగలేక కొన్నాను. జాలిపడి కొనలేదు.

మామ: మొదటి ఆట ఎవలూ కొనకుంటె రెండో ఆట చేసే దమ్ము ఎక్కడిది?

మేనకోడలు: కొను. కానీ అప్పుడు ఆటకు ధర కట్టడం లేదు, చందా ఇస్తున్నావు. అది తెలిసి ఇస్తే మంచిదే. చందాను మార్కుల్లో కలపొద్దు, అంతే.

నేను ఆమె మాటకే ఓటేస్తాను. ఆ రోజుల్లో హైదరాబాదులో ఆట చేయడమంటే ఎంత సాహసమో తెలిసే అంటున్నాను. చేసినవాళ్లకు డబ్బు ఎంత అవసరమో, నిజం చెప్పే ఆటగాడు కూడా అంతే అవసరం.

ఇంక తమ్ముడి సంగతికి వచ్చారు.

మేనకోడలు: ఫుట్‌బాల్ ఆట వద్దంటాను. ప్రతి సెప్టెంబరులో అదే ఆట, కొత్త జెర్సీలు. దీని పాత పేరు ఫిఫా. నింటెండో స్విచ్ మీద కొన్నేళ్లపాటు దాన్ని ‘లెగసీ ఎడిషన్’ పేరుతో, జట్లూ జెర్సీలూ మార్చి మాత్రమే అమ్మారు. పేరులోనే ఒప్పుకున్నారు. నవంబరు ఆఖరుకు దీని ధర ఎట్లాగూ బాగా పడుతుంది.

మామ: దసరా సెలవులు నవంబర్ల ఉంటయా? సెప్టెంబర్ 26కు వాడికి సెలవులే. బడి దోస్తులందరూ ఆ వారమే కొత్తది మొదలుపెడతరు. పోయినేడుది ఎంత మంచిగున్నా, దాంట్ల వీనితోని ఆడేటోడు ఉండడు. రెండు నెలల తర్వాత సగం ధరకు కొంటవు, వాళ్లు అప్పటికి ఆడి ఆడి విసుగొచ్చి పోతరు. తక్కువ ధరకు ఖాళీ మైదానం కొన్నట్టు. కథ ఆట ఆగుతది బిడ్డా. జనంతోని ఆడే ఆట ఆగదు.

ఆమె కాసేపు ఆలోచించింది.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ ఒక షరతు. దాని ధర ఐదు వేలు కాదు. లోపల అల్టిమేట్ టీమ్ అని ఉంటుంది. ప్యాకెట్ కొనాలి, అందులో ఏ ఆటగాడొస్తాడో ముందు తెలీదు. బెల్జియంలో దాన్ని జూదం అన్నారు. 2019 మొదట్లో ఈఏ ఆ దేశంలో, ఆ ప్యాకెట్లు కొనడానికి వాడే పాయింట్లు అమ్మడం ఆపేసింది. మన దగ్గర ఆపలేదు. తమ్ముడి ఖాతాలో కార్డు ఉండకూడదు. ఆట కొనిచ్చే రోజే ఆ మాట వాడితో చెప్పాలి. ఆ తర్వాత చెప్తే వినడు.

మామ: చెప్త. నా మాట వింటడు.

మేనకోడలు: ఇంక యోటేయ్ వద్దు. డిజిటల్‌లో ఐదు వేలు పెట్టి, నచ్చకపోతే గోడకు కొట్టుకున్నట్టే. సంవత్సరం తర్వాత సేల్‌లో తీసుకుందాం.

మామ: వాడికి వద్దు. నేను డిస్క్ కొంట, నాకోసమే. వాడు శని, ఆదివారం నాంపల్లి వచ్చి ఆడుకుంటడు. ఇద్దరం అయిపోగొట్టినంక ఈ సందులనే అమ్మేస్త. ఇద్దరికి కలిపి రెండు వేలు.

మేనకోడలు: అది మంచి లెక్క. కానీ దసరా రోజే కొనాలా?

మామ: దసరా రోజే.

మేనకోడలు: సరే, ఒకటి చెయ్యి. పీఎస్5లో ఆడి రాసిన రివ్యూలు విడుదలకు కనీసం రెండు మూడు రోజుల ముందు వచ్చాయనుకో, చేసినవాళ్లకు తమ ఆట మీద నమ్మకం ఉన్నట్టు. అప్పుడు దసరా రోజే కొను, నేనే నీతో వస్తాను. ముందు రోజు రాత్రి దాకా ఒక్కటీ రాలేదనుకో, ఏదో దాస్తున్నారు. ఆగు.

మామ: ఎన్ని రోజులు?

మేనకోడలు: రెండు అప్‌డేట్లు వచ్చేదాకా.

మామ: అప్‌డేట్ల లెక్క నాకు తెల్వదు. రివ్యూలు రాకుంటె దీపావళి దాకా ఆగుత. అంతకంటె ఒక్క రోజు గూడ ఆగ.